ఏడో నంబరు మడి వట్టిపోయిన నెల

మార్చి 2

ఎండ: బాగుంది. కుడితి: మూడు బిందెలు. తిత్తులు: ఐదు. మంట: పసుపు. లోపం: లేదు. కారణం: లోపమే లేనప్పుడు కారణమేమిటి?

ఈ పుస్తకంలో పేజీకి ఆరు గళ్ళున్నాయి. మడి ఉన్న ప్రతి ఇంటివాళ్ళూ రోజూ ఆరూ నింపాలని కొటారుపాలెం సంఘం నియమం. గళ్ళ కింద సగం పేజీ ఖాళీగా ఎందుకు వదిలారో మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఖాళీ జాగా చూసి ఊరుకునే మనిషిని కాను కాబట్టి నేను రాస్తున్నాను. నెలకోసారి తనిఖీకి వచ్చే పిచ్చయ్య ఎలాగూ గళ్ళు తప్ప కిందది చదవడు. వాడు నా దగ్గర తొమ్మిదో తరగతి చదివాడు. అప్పుడూ అంతే, ప్రశ్నలో మొదటి లైను చూసి జవాబు మొదలుపెట్టేవాడు.

నా పేరు లాస్య. వయసు డెబ్బై నాలుగు. మా కాలంలో ఆడపిల్లలందరికీ ఇలా గంతులేసే పేర్లే పెట్టారు, మోకాళ్ళ సంగతి ఎవరూ ఆలోచించలేదు. నా వియ్యపురాలి పేరు హన్సిక. మా ఇద్దరి ఉమ్మడి మనవరాలి పేరు మంగతాయారు. ఇరవై రెండేళ్ళది, ఇప్పటి పిల్లలకు ఇవే కొత్త ఫ్యాషను. నా కొడుకూ కోడలూ పొద్దున్నే గ్యాసుతో నడిచే పడవ మీద పనికి పోయి దీపాల వేళకు వస్తారు. వెరసి ఇంట్లో ఐదుగురం. మనిషికొక తిత్తి చొప్పున మా మడి రోజుకు ఐదు తిత్తుల గ్యాసు ఇస్తుంది, ఇవ్వాలి కూడా.

ఇవాళ మోకాళ్ళు కాస్త కనికరించాయి కాబట్టి, మిట్ట మీదున్న ఇంటి నుంచి నలభై రెండు మెట్లు దిగి మడి దాకా వెళ్ళాను. రోజూ ఆ పని చేసేది హన్సిక వదిన. తెల్లవారకముందే గాజు మూత తీసి, బియ్యం కడుగు, గంజి, అంట్లు కడిగిన నీళ్ళు అన్నీ కలిపిన కుడితి పోసి మూసేస్తుంది. ఇక ఎండది పని. అడుగునున్న పలక ఎండ తాగి, కుడితిలోని మురికి తిని, సాయంత్రానికి ఒక గొట్టంలో తాగే నీళ్ళు, ఇంకో గొట్టంలో గ్యాసు ఇస్తుంది. గేదె కూడా కుడితి తాగి పాలిస్తుంది కాని, ఎంత మంచి గేదె అయినా అదే కుడితిని మంచినీళ్ళు చేసి తిరిగి ఇవ్వదు. ఇక్కడివాళ్ళు మాత్రం మడిని గేదెలాగే చూస్తారు. "ఈ పూట మీది ఎన్ని ఇచ్చింది?" అని పలకరింపు.

పలక చూద్దును కదా, అడుగంటిన పాలగిన్నెలాగ నల్లగా, చుక్కలు చుక్కలుగా ఉంది. పక్కనే ఎనిమిదో నంబరు మడివాళ్ళు కూడా ఉన్నారు.

"వదినా, ఈ పలక చూస్తే ఈ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళున్నారంటే ఎవరైనా నమ్ముతారా? మా పెనం అడుగు ఇంతకంటే తెల్లగా ఉండేది" అన్నాను.

ఎనిమిదో నంబరు వాళ్ళు పడీ పడీ నవ్వారు. హన్సిక వదిన నవ్వలేదు. "ఎండకి నల్లబడతందేమోలే వదినగారూ" అని ఖాళీ బిందె చంకనెత్తుకుంది.

మంచి మాట పడినప్పుడు రాసిపెట్టుకోవాలి. రాశాను.

మార్చి 8

ఎండ: బాగుంది. తిత్తులు: నాలుగున్నర. మంట: పసుపు, కాస్త నీరసం. లోపం: అర తిత్తి. కారణం: మబ్బు.

మబ్బు లేదు. కాని గడి నింపాలి.

వంకాయ కూర సగంలో ఉండగా పొయ్యి ఉసూరుమంది. ఈ గ్యాసుతో ఒక చిక్కు, మంట కంటికి కనిపించదు. వెలిగిందనుకుని చెయ్యి పెట్టినవాళ్ళూ, వెలగలేదనుకుని చెయ్యి పెట్టినవాళ్ళూ ఒకేలా కాల్చుకుంటారు. అందుకని ఇక్కడ పొయ్యి వెలిగించగానే చిటికెడు ఉప్పు చల్లుతారు. అప్పుడు మంట పసుపురంగులో లేచి నిలబడుతుంది. ఉప్పు చల్లడం మా ఇంట్లో హన్సిక వదిన హక్కు. ఆవిడ పుట్టి పెరిగిన ఉప్పుపల్లె పదకొండేళ్ళ కిందట సముద్రంలో కలిసిపోయింది. ఒక రేకుపెట్టె, ఒక రాగిబిందె, ఒక జాడీడు ఉప్పు వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆ జాడీలోదే ఇప్పటికీ చల్లుతుంది. అడుగంటుతుందేమోనని చిటికె రోజురోజుకీ చిన్నదవుతోంది.

"ఉప్పు తక్కువై మంట కనిపించడం లేదేమో వదినా" అన్నాను.

"మంట లేక ఉప్పు కనపడతంది" అంది.

ఎప్పుడైనా ఇలా ఒక మాట అనేస్తుంది. రెండు రోజులు నాకు జవాబు తోచదు.

మార్చి 13

తిత్తులు: మూడున్నర. కారణం: మబ్బు.

తాయారును పిలిచి, కుడితి సరిగా పోగు చెయ్యడం లేదని కేకలేశాను.

"నాయనమ్మా, పెసరట్ల పిండిగిన్నె కడిగిన నీళ్ళు కూడా వదల్లేదు. నేను మొహం కడుక్కున్న నీళ్ళు కూడా అందులోనే పోశాను."

"నీ మొహాన మురికి ఏపాటి ఉంటుందే? మీ నాన్న పడవ చొక్కాలు ఉతికిన నీళ్ళు పొయ్యి."

"అవీ పోశాను. ఇది చూడు ముందు." పరీక్ష కాగితం నా ముక్కు కింద పెట్టింది. నీళ్ళు శుభ్రంగా ఉంటే ఆ కాగితం తెల్లగా ఉండిపోతుంది. ఇది సున్నం కొట్టినట్టుంది. "కొటారుపాలెం మొత్తంలో మన నీళ్ళంత మంచి నీళ్ళు లేవు. పలక మురికి తింటోంది, నీళ్ళిస్తోంది. గ్యాసొక్కటే ఇవ్వట్లేదు."

ఆలోచించాల్సిన మాటే. వరండాలో కుర్చీ వేసుకుని కింద మడి వైపు చూస్తూ ఆలోచించాను. ఇంత దూరం నుంచి కూడా మూత కింద పలక వెండికంచంలా మెరుస్తోంది. ఈ నెల మొదట్లో ఇలా లేదు. నేనన్న మాట పనిచేసి వదిన మడి పరిసరాలు శుభ్రంగా ఉంచుతున్నట్టుంది. కాబట్టి లోపం పలకది కాదని తేల్చాను. గొట్టం అతుకుల్లో గ్యాసు పోతోందేమోనని అబ్బాయి చేత సబ్బునురుగు పూయించి చూశాను. ఎక్కడా బుడగ లేదు.

ఇరవై రెండేళ్ళు పిల్లలకు కెమిస్ట్రీ చెప్పాను. ఆ సంగతి ఈ పేజీలో గుర్తు చేసుకోకుండా ఉండాల్సింది.

మార్చి 17

తిత్తులు: మూడు. పిచ్చయ్య వచ్చాడు.

పుస్తకం తిరగేసి, "మేడం, పదిరోజులుగా కారణం గడిలో మబ్బు, మబ్బు అని రాశారు. ఆకాశంలో మబ్బు లేదు" అన్నాడు.

"ఆకాశంలో అని నేను రాయలేదుగా."

వాడు నవ్వలేదు. నవ్వకపోయేసరికి నాకు మొదటిసారి భయం వేసింది. చిన్నప్పటి నుంచీ వాడు భయపడినప్పుడు నవ్వేవాడు, జాలిపడినప్పుడు నవ్వేవాడు కాదు.

వాడు చెప్పింది ఇదీ. ఐదుగురున్న ఇంటికి మూడు తిత్తులు చాలవు. కొత్త పలక కావాలంటే ఏడాది వరసలో ఉండాలి. పదిరోజులు గడువిచ్చి ఇరవై ఏడున మళ్ళీ వస్తాడు. ఆ రోజు ఐదు నిండితే సరి. నిండకపోతే ఇంటి పట్టీలో చిట్టచివర రాసిన పేరు కొట్టేసి, ఆ మనిషిని ఎగువనున్న వృద్ధుల వసతికి పంపుతారు. అక్కడ పైపులో నీళ్ళొస్తాయి, వండి పెడతారు, మంచం ఇస్తారు. రెండు రోజుల ప్రయాణం. మా పట్టీలో చిట్టచివరి పేరు హన్సిక.

"కారణం కూడా నిజం రాయాలి మేడం. పలక దానంతటదే ముసలిదైపోతే ఇప్పుడు చెప్పిన రూలు. మనిషి చెయ్యి పడి చెడిపోతే వేరే రూలు. ఆ మనిషి పేరే కొట్టేస్తాం, మడి మళ్ళీ నిండినా సరే."

"ఇంట్లో ఎవరి చెయ్యి పడుతుందిరా! నేను మెట్లే దిగను."

వాడు లేచేలోపు హన్సిక వదిన గ్లాసుడు మజ్జిగ తెచ్చిచ్చింది. తనను పంపించడానికి వచ్చినవాడికి, ఎండన పడి వచ్చాడని రెండో గ్లాసు కూడా పోసింది.

మార్చి 18

తిత్తులు: మూడు. కారణం గడిలో ఏం రాయాలో తోచలేదు.

మధ్యాహ్నం హన్సిక వదిన మంచం కింద నుంచి రేకుపెట్టె లాగింది.

"దుమ్మెందుకు లేపుతున్నారు వదినా?"

"తాళం తుప్పు పట్టిందేమోనని చూస్తన్నా."

"పట్టకపోతే?"

"పట్టకపోతే మంచిదే. అక్కడ పైపులో నీళ్ళంట వదినగారూ. కుడితి మోసే పని లేదు, మూత ఎత్తే పని లేదు. కాళ్ళు చాపుకుని కూర్చోవడమే."

"అంటే పోవాలనే ఉందన్నమాట."

"మీరేగా రోజూ అనేది, ఈవిడ ఎప్పుడు పోతుందా, నేను నెమ్మదిగా నాలుగు పేజీలు చదువుకుందునా అని."

"అంటాను. పదకొండేళ్ళ నుంచి అంటున్నాను. ఏనాడైనా నా మాట విన్నారా?"

ఆవిడ పెట్టెలో చీర మడత సర్దుతూ, "వినేవి వింటానే ఉన్నాలే" అంది.

నిజం చెప్పాలంటే నేను నెమ్మదిగా చదువుకున్నది ఎప్పుడూ లేదు. చదివేది పైకే చదువుతాను. ఆవిడ చింతపండులో గింజలు తీస్తూ వింటుంది. మధ్యలో "ఆ మొగుణ్ణి ఇంకా ఇంట్లో ఎందుకు పెట్టుకుందంట?" అని అడుగుతుంది. పుస్తకంలో వంద పేజీల తర్వాత కథలోని పిల్ల కూడా తనను తాను అదే అడుగుతుంది. ఈవిడ వెళ్ళిపోతే నేను ఎవరికి చదవాలి? ముఖ్యంగా, ఎవరి మీద గెలవాలి?

మార్చి 20

తిత్తులు: రెండున్నర.

రాత్రి చారు చప్పగా ఉంది. నాలుగు రోజులుగా చప్పగానే ఉంటోంది. ఇవాళ తాయారు డబ్బా బోర్లించి, "నాయనమ్మా, చింతపండు అయిపోయింది. నెలకిచ్చింది ఇరవై రోజులకే" అంది.

చింతపండు ఎగువ నుంచి వస్తుంది, ఇంటికింత అని కొలిచిస్తారు. ఈ నెల పులిహోర చెయ్యలేదు. చారులో పడటం లేదు. మరి ఎక్కడికి పోయింది?

చింతపండు అయిపోయింది. చారు చప్పబడింది. పలక వెండికంచంలా మెరుస్తోంది. ఈ మూడు వాక్యాలూ బోర్డు మీద రాసి అడిగితే పిచ్చయ్య కూడా చెప్పేవాడు. టీచరుకే పద్దెనిమిది రోజులు పట్టింది.

మార్చి 21

తెల్లవారుజామున లేచి మెట్లు దిగాను. నలభై రెండూ.

హన్సిక వదిన చీర ఎగదోపుకుని, నీళ్ళు దించేసిన మడిలో మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. పక్కన తాటాకు దొన్నెలో మిగిలిన చింతపండు పిప్పి. చేతిలో కొబ్బరిపీచు. ఇత్తడి గంగాళం తోమినట్టు పలకను తరగని ఓపికతో, గుండ్రంగా, అంచుల దాకా తోముతోంది.

"ఎన్నాళ్ళ నుంచి వదినా ఇది?"

ఉలిక్కిపడలేదు. "మీరన్న కాణ్ణించే."

"నేనేమన్నాను?"

అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఇద్దరు ఆడవాళ్ళు, పెనం అడుగు, అన్నీ. చివర ఎనిమిదో నంబరు వాళ్ళు ఎంతసేపు నవ్వారో కూడా చెప్పింది.

"నన్ను ఏమన్నా పడతా వదినగారూ. పదకొండేళ్ళు పడలేదా? నా పనిని నలుగురిలో అంటే ఎట్టా? మీ ఇంట్లో నేను తింటన్న కూడుకి నా చెయ్యి ఒకటేగా నేనిచ్చేది. ఇప్పుడు చూడండి, మొహం చూసుకోవచ్చు."

నిజంగానే మొహం కనిపిస్తోంది. రెండు మొహాలూ కనిపించాయి.

మెట్టు మీద కూర్చుని, వీలైనంత మెల్లగా చెప్పాను. ఆ నల్ల చుక్కలు మురికి కాదు, లోహపు పొడి. పలక చేసే వాళ్ళే అద్దిన పొడి. మురికి తినే పని పలక ఒళ్ళంతా చేస్తుంది, అందుకే నీళ్ళు బాగానే వస్తున్నాయి. గ్యాసు పుట్టేది మాత్రం ఆ చుక్కల దగ్గరే. చింతపండు పులుపు లోహాన్ని తినేస్తుంది.

"అంటే గేదెని శుభ్రం చేస్తానని పొదుగు..." అని ఆవిడే మొదలుపెట్టి, ఆవిడే ఆగిపోయింది. పీచు పక్కన పెట్టి చేతులు చూసుకుంది. "అయితే మడి నిండినా నిండకపోయినా పోయేది నేనేనన్నమాట. చెయ్యి నాదేగా."

చెయ్యి పట్టుకుని లేపాను. నిజానికి ఆవిడే నన్ను లేపింది. మోకాళ్ళు.

కారణం గడి ఖాళీగా వదిలేశాను.

మార్చి 22

తిత్తులు: రెండు.

పొద్దున హన్సిక వదిన తన రాగిబిందె తోమింది. దొన్నెలో మిగిలిన ఆఖరి పిప్పితో. "నేను పోయాక తాయారుకి ఉంటది. నల్లబిందె ఇచ్చిపోయిందని రేపు దాని అత్తగారు అనకూడదుగా" అంది. తోమి, చెయ్యి సరిగా కడుక్కోకుండానే వచ్చి, అలవాటుగా పొయ్యిలో చిటికెడు ఉప్పు చల్లింది.

మంట ఆకుపచ్చగా లేచింది.

తాయారు కెవ్వుమంది. వదిన వెనక్కి అడుగేసి, "ఏందమ్మా ఇది! పొయ్యే ముందర ఈ శకునమొకటా?" అంది.

"శకునం కాదు వదినా, రాగి" అన్నాను. అని, అక్కడే నిలబడిపోయాను.

రాగి. చింతపండు బిందె మీద నుంచి సన్నటి పొర ఒకటి గీకి తెచ్చింది. అది వేలికంటుకుంది, ఉప్పుతో పాటు మంటలో పడింది. పెరట్లో బిందె కడిగిన నీళ్ళు తొట్టిలో లేత నీలంగా ఉన్నాయి. లోహం పోయిందనుకుంటున్నాను కదా, లోహం తొట్టిలో ఉంది. పలక మీద పోసి ఎండలో పెడితే, కరిగిన లోహాన్ని పలక తనే లాగి ఒంటికి చుక్కలుగా అద్దుకుంటుంది. ఎప్పుడో చదివాను, పిల్లలకు చెప్పాను కూడా. పరీక్షలో ఎప్పుడూ రాలేదు కాబట్టి ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, నాతో సహా. పాత చుక్కల లోహం అంత గొప్పది కాదు రాగి. అయినా గ్యాసు ఇస్తుంది.

"తాయారూ, ఆ నీళ్ళు పారబొయ్యకు!" అని అరిచిన అరుపుకు కింద ఎనిమిదో నంబరు వాళ్ళు తలెత్తి చూశారు.

తొట్టిలో నీళ్ళు మడిలో పోశాం. పైన పలచటి గంజి పోశాం, పలకకు తినడానికి ఏదైనా ఉంటేనే పని చేస్తుంది కాబట్టి. మధ్యాహ్నానికి పలక మీద సన్నగా నలుపు పట్టింది. ఇన్నేళ్ళలో నలుపు చూసి అంత సంతోషపడిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆత్రం పట్టలేక మూతెత్తి చూశాను. చూస్తుండగానే నలుపు కరిగి మాయమైపోయింది. గాలి తగిలింది, రాగి మళ్ళీ నీళ్ళలోకి దిగిపోయింది.

హన్సిక వదిన నడుం మీద చేతులేసుకుని నన్నొక చూపు చూసింది.

"ఆవకాయ కలిపి మూడోనాటి దాకా జాడీ మూత తియ్యకూడదని చిన్నపిల్లకి తెలుసు. చదువుకున్నోళ్ళు!"

ఇన్ని రోజులకు ఆవిడ గొంతులో ఉప్పూ కారం వినిపించాయి. ఆ తిట్టు ఎంత హాయిగా ఉందో రాయను.

మార్చి 23

మళ్ళీ మొదటి నుంచి. నిన్న పడిన పొర సన్నం, ఇంకా రాగి కావాలి, దానికి చింతపండు కావాలి. అది ఎనిమిదో నంబరు వాళ్ళింట్లోనే ఉంది. తాయారు వెళ్తానంది. వద్దని నేనే వెళ్ళాను.

"లాస్యగారికి చారు మీద మనసైందా?" అని అడిగారు వాళ్ళు.

"ఆ రోజు మడి దగ్గర నేనన్న మాటకు మీరు నవ్వారు గుర్తుందా? ఆ మాట నాది తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను. చింతపండుతో పాటు ఆ నవ్వు కూడా ఇచ్చెయ్యండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. చింతపండు మాత్రం దోసిలి నిండా ఇచ్చారు.

బిందె నేనే తోముతానన్నాను. వదిన గుమ్మంలో కూర్చుంది.

"అట్టా కాదు, పీచు తిప్పి పట్టుకోండి."

"పట్టుకున్నాను."

"బిందె మెడ దగ్గర వదిలేస్తన్నారు. దొంగ పని."

"వదినా, నన్ను తోమనివ్వండి."

"తోమండి, ఎవరొద్దన్నారు. సాయంత్రానికి అయిద్దేమోలే."

తోముతూనే, బిందె వైపు చూస్తూనే, "నేను అనాల్సింది కాదు" అన్నాను. వదిన గుమ్మంలోంచి మెడ చాచి బిందె వైపు చూసింది. ఆ తర్వాత, "అడుగు కూడా తోమండి. ఎక్కువ రాగి అక్కడే ఉంటది" అంది. మా ఇద్దరికీ అది చాలు.

ఈసారి మూత సంగతి ఆవిడ చూసుకుంది. జాడీకి వాసెన కట్టినట్టు మూత అంచుల చుట్టూ తడిగుడ్డ బిగించి, పైన బంకమట్టి మెత్తింది. మూడోనాటి దాకా ఎవరూ వేలు పెట్టకూడదని హుకుం. "ముఖ్యంగా మాస్టారమ్మగారు" అంది తాయారుతో, నేను వినేలా.

మార్చి 26

24న గొట్టం తెరిచాం: ఒకటిన్నర. 25న మూడు. ఇవాళ ముందు రాగి నీళ్ళు దించి వేరే గుంటలో పోసి, ఆ తర్వాతే మట్టి విప్పాం, పులుపు లేకపోతే గాలి తగిలినా రాగి కరగదు కాబట్టి. మామూలు కుడితి పెట్టాం. తాయారు రాగి జాడ చూపించే కాగితం ముంచి, "పలకలో ఉండిపోయింది నాయనమ్మా, నీళ్ళలో లేదు" అంది. అయినా ఈ పూటకు ఎనిమిదో నంబరు నీళ్ళే తాగాం.

తిత్తులు: నాలుగుంపావు. రేపు ఇరవై ఏడు.

పలక మళ్ళీ అడుగంటిన పాలగిన్నెలా ఉంది. హన్సిక వదిన గట్టు మీద నిలబడి చాలాసేపు చూసింది. చేతులు కొంగులో చుట్టేసుకుని ఉన్నాయి.

"దురదగా ఉందా వదినా?"

"తోమబుద్ధేస్తంది" అని ఒప్పుకుంది.

మార్చి 27

ఎండ: నిప్పులు. కుడితి: నాలుగు బిందెలు, అందులో ఒకటి ఎనిమిదో నంబరు వాళ్ళది, అడక్కుండానే తెచ్చి పోశారు.

పిచ్చయ్య మధ్యాహ్నం వచ్చాడు. రెండు తిత్తులు నిండి, మూడోది ఉబ్బుతోంది. పొద్దు వాలేదాకా ఉండాల్సిందే అన్నాను. వరండాలో కూర్చుని భోజనం చేశాడు. నాలుగు గంటలకు నాలుగోది నిండింది. ఐదోది సగంలో ఉండగా ఎండ తిరిగింది. తాయారు గోళ్ళు కొరుక్కుంది. హన్సిక వదిన పెట్టె మీద కూర్చుంది, తాళం వేసిన పెట్టె.

ఎండ మెట్లెక్కి వెళ్ళిపోయేవేళకు పిచ్చయ్య దిగి వెళ్ళి ఐదో తిత్తిని బొటనవేలితో నొక్కాడు. వేలు దిగలేదు. ఇంకోసారి నొక్కాడు. దిగలేదు.

పైకొచ్చి పుస్తకం తెరిచాడు. "నిండింది మేడం. కాని కారణం గడి వారం పైగా ఖాళీగా ఉంది. రాయాలి."

తీసుకుని రాశాను. వాడు చదివాడు.

"ఇదేంటి మేడం? 'నా నోరు'?"

"గళ్ళ కింద ఉంది, చదువు. ఏనాడూ చదవలేదు కదా."

చదివాడు. మార్చి రెండు నుంచి మొత్తం, కూర్చుని. మధ్యలో తన పేరొచ్చిన చోట నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను, మబ్బుందేమోనని.

హన్సిక వదిన లేచి వచ్చింది. "చెయ్యి నాది బాబూ. నా పేరే రాసుకో. పెట్టె సర్దుకునే ఉన్నా."

"మీరు ఊరుకోండి వదినా, ఈ పుస్తకం నాది."

"పుస్తకం మీదైతే చింతపండు నాది."

"చింతపండు ఇంటిది. నేను అనకపోతే మీరు తోమేవాళ్ళా?"

"మీరు అనని రోజేదైనా ఉందా? అన్నిటికీ తోముతానా ఏంది?"

"చూశావా నాయనా, ఈవిడను పంపితే ఈ జవాబు నేను ఎవరితో చెప్పించుకోవాలి?"

పిచ్చయ్య కలం మూత తీశాడు. "చెయ్యి పడి చెడితే రూలుంది మేడం. మాట పడి చెడితే మా దగ్గర రూలు లేదు" అన్నాడు. నేను రాసింది కొట్టేయకుండా, పక్కన చిన్న అక్షరాలతో తనిఖీ అధికారి నిర్ధారణ అని పెట్టి, ఒక మాట రాసి సంతకం చేశాడు.

"వాతావరణం."

డెబ్బై నాలుగేళ్ళకు నా నోటికి అధికారిక గుర్తింపు వచ్చింది. మెట్లు దిగుతూ వాడు నవ్వాడు.

ఏప్రిల్ 6

ఎండ: బాగుంది. తిత్తులు: ఐదు. మంట: పసుపు. లోపం: లేదు.

రేకుపెట్టె మంచం కింద ఉంది. తాళం తీసే ఉంది. రాగి కొద్దికొద్దిగా అరిగిపోతుంది కాబట్టి పదిహేను రోజులకోసారి పలకకు బిందె కడిగిన నీళ్ళు పెట్టాలని తేల్చాం. ఆ మేరకు చింతపండు ఎక్కువివ్వమని తాయారు సంఘానికి రాసింది. ఎనిమిదో నంబరు వాళ్ళూ తమ రాగిచెంబు పట్టుకొచ్చారు, నేర్పమని. హన్సిక వదిన గట్టు మీద కూర్చుని వాసెన ఎలా కట్టాలో చూపిస్తోంది. పలక తోమితే చేతులు విరగ్గొడతానని కూడా చెప్తోంది.

ఈసారి బిందె తోమే వంతు నాది. గంటసేపు తోమి మెట్లు దిగి తీసుకెళ్ళి చేతికిచ్చాను. వదిన దాన్ని ఎండలో అటూ ఇటూ తిప్పి చూసి, అందరూ వినేలా అంది.

"మా పెనం అడుగు ఇంతకంటే తెల్లగా ఉండేది వదినగారూ."

ఎనిమిదో నంబరు వాళ్ళు పడీ పడీ నవ్వారు. మంచి మాట పడినప్పుడు రాసిపెట్టుకోవాలి. రాశాను.